ఇలియాస్ ఊరికి పోయుండాడు

30 నవంబరు 2003, ఆదివారం

డాక్టరమ్మకు చూపించే పుస్తకం వేరే ఉంది. ప్రతాప్ ఏం తిన్నాడు, మాత్ర వేశానా లేదా, చేతులు కాళ్లు ఎప్పుడెప్పుడు ఎగిరిపడ్డాయి, అవన్నీ అందులో రాయాలి. ఇది నాది. దీన్ని ఎవరికీ చూపించను. మా ఆయన చదువుతాడనే భయం ఎటూ లేదు. మండీలో గుమాస్తాగా చేరినప్పటి నుంచి టమోటా రేటు తప్ప ఆయన కంటికి వేరే అక్షరం ఆనదు.

ఈరోజు బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాం. దసరా సెలవుల్లో కుప్పం పోయి రెండు రోజుల్లో వస్తానన్నవాడు ఈరోజు మదనపల్లె చేరాడు. ఈత కొలనులోంచి తీసి మొదట కుప్పం ఆస్పత్రి, ఆపైన బెంగళూరు, అక్కడ గొంతులో గొట్టం, ఊపిరి మిషను, న్యుమోనియా, మళ్లీ కుప్పం. బతకడన్నారు. బతికాడు. ఆటో దిగి తన కాళ్ల మీద తానే గడప దాటాడు. ఆ నడక చూస్తే ఎవరి కాళ్లో అరువు తెచ్చుకున్నట్టుంది, అయినా నడిచాడు. ఎదురింటి గౌరమ్మ దిష్టి తీసి, దేవుడు చల్లగా చూశాడమ్మా అని ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు.

మంచం మీద కూర్చోబెట్టగానే ఇల్లంతా కలయజూసి అడిగాడు.

"ఇలియాస్ యాడ మా?"

ఊరికి పోయుండాడు, వస్తాడు అన్నాను.

1 డిసెంబరు

పొద్దున లేస్తూనే అడిగాడు. పళ్లు తోముకుంటూ అడిగాడు. సంగటి తింటూ అడిగాడు. సాయంత్రం నేను షాపు నుంచి రాగానే అడిగాడు.

3 డిసెంబరు

ఇలియాస్ ఊరికి పోలేదు. ఆ రోజు వీడితోపాటే బయటికి తీశారు. వాడికి ఊపిరి రాలేదు.

మూడేళ్లు ఇద్దరూ ఒకే పాలిటెక్నిక్, ఒకే బెంచీ. పుంగనూరు నుంచి పొద్దున బస్సుకు వచ్చేవాడు, మధ్యాహ్నం మా ఇంట్లోనే తినేవాడు. నా చేతి సంగటి తిన్న పిల్లాడు. వాడి కోసం నేను సరిగ్గా ఏడ్చిందీ లేదు. నా బిడ్డ ఊపిరి మిషను మీద ఉంటే ఇంకొకరి బిడ్డ కోసం ఏడవడానికి తీరిక ఎక్కడిది?

ప్రతాప్‌కు చెప్పకపోలేదు. కుప్పం ఆస్పత్రిలో కొంచెం మాట వచ్చాక మా ఆయనే చెప్పాడు. మంచం పట్టెకు తల కొట్టుకుని ఏడ్చాడు. నర్సులు వచ్చి పట్టుకున్నారు. అర్ధగంటకు నిద్రపోయి లేచాడు. లేచి, ఇలియాస్ యాడ నాయనా అన్నాడు. మళ్లీ చెప్పాం. మళ్లీ అదే ఏడుపు, మొదటిసారి విన్నట్టే. మర్నాడు నేను చెప్పాను. అప్పుడూ అంతే. ఒక చావును బిడ్డ చేత ఎన్నిసార్లు మోయించాలి? ఇంక నావల్ల కాదన్నాను. ఊరికి పోయుండాడనే మాట నాదే.

మెదడుకు గాలి అందక కొత్త సంగతులు దాచుకునే చోటు దెబ్బతినిందట. పాతవన్నీ భద్రంగా ఉన్నాయి. బీరువాలో పాత బట్టలు మడత నలగకుండా ఉన్నాయి, కొత్తవి పెట్టే అర ఊడిపోయింది, అంతే. కొలను దగ్గర జరిగింది మాత్రం ఎప్పటికీ గుర్తు రాకపోవచ్చునన్నారు. అది నాకు మంచి మాటలాగే వినబడింది.

ఎందుకంటే అక్కడి వాచ్‌మన్ ఇంకొకటి చెప్పాడు. మొదట ఒక పిల్లాడే లోతు వైపు జారి పడ్డాడట. రెండోవాడు గట్టు మీది నుంచి దుంకాడట, పడ్డవాణ్ణి పట్టుకోవడానికి. ఇద్దరికీ ఈత రాదు. పడ్డది మావాడు.

ఆ సంగతి ప్రతాప్‌కు తెలియకూడదు. ఇప్పుడే కాదు, ఎప్పటికీ తెలియకూడదు. వాడి మంచికే.

8 డిసెంబరు

మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు, ఊపిరి గట్టిగా పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. ఊపిరితిత్తులకు బలం వస్తుందట. రెండో బంతి దాకా లేపగలుగుతున్నాడు. గ్లాసు అందుకోబోతే మాత్రం చెయ్యి గబుక్కున ఎగిరిపడుతుంది. మజ్జిగంతా చొక్కా మీదే. నవ్వుతాడు, పాపం. ఈరోజు నేనూ నవ్వాను.

అడిగాడు. చెప్పాను.

12 డిసెంబరు, శుక్రవారం

ఈరోజు మైమూన్ బీ వచ్చింది. ఇలియాస్ తల్లి.

మా ఊళ్లోనే బెంగళూరు బస్టాండు దగ్గరున్న నా ఎస్టీడీ బూతు ముందు బురఖాలో నిలబడి ఉంటే ఎవరో ఫోను చేసుకునేవాళ్లు అనుకున్నాను. ముసుగు తీశాక గుర్తుపట్టాను. నలభయ్యో దినం ఫాతెహా ప్రార్థనకు మా ఆయన పోయాడు, నేను ఆస్పత్రిలో ఉన్నానని తప్పించుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని పోను? నా కొడుకు కోసం దుంకి ఆమె కొడుకు పోయాడు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను కూడా.

బిడ్డను చూసిపోతానంది. నేను గబగబా ఉన్న సంగతి చెప్పేశాను, వాడు ఇలియాస్‌ను అడుగుతాడనీ, చెప్పినా నిలవదనీ, ఊరికి పోయుండాడని అబద్ధమాడుతున్నాననీ. తప్పుగా అనుకోవద్దక్కా అన్నాను. ఆమె జిరాక్స్ మిషను వైపు తిరిగింది. తర్వాత మెల్లగా అంది.

"అయితే వాని లెక్కలో నా కొడుకు ఉండాడు."

ఇంటికి తీసుకుపోయాను. ప్రతాప్ ముఖం వెలిగిపోయింది. ఇలియాస్ పిలిచినట్టే వీడూ ఆమెను అమ్మీ అనే పిలుస్తాడు. అమ్మీ వచ్చినావా, ఇలియాస్ యాడ అన్నాడు. నేను తలుపు పట్టుకున్నాను.

"అంగట్లో ఉండాడు బేటా. పెండ్లిండ్లు కదా, పరుపుల పని శానా ఉండాది. వాళ్ల నాయిన వదల్లేదు."

నేను ఇన్ని రోజులుగా చెప్పినదానికంటే నమ్మేట్టుగా ఉంది. ఇలియాస్ తండ్రి బాబు సాహెబ్‌కు పుంగనూరులో పరుపుల అంగడి ఉంది కాబట్టి అబద్ధానికి ఇల్లూ వాకిలీ కూడా అమరింది. ప్రతాప్ నవ్వి, వానికి దూది ఎగిరితే తుమ్ములొస్తాయి కదమ్మీ అన్నాడు. అవును బేటా, పొద్దున్నుంచి ఒకటే తుమ్ములు అంది.

పోయేటప్పుడు బస్టాండులో నా చెయ్యి పట్టుకుని, వచ్చే శుక్రవారం కూడా వస్తానంది. శుక్రవారం నమాజుకు అంగడి మూస్తారట, ఆ పూట తనకు తీరికట.

19 డిసెంబరు, శుక్రవారం

వచ్చింది. అడిగాడు. చెప్పింది. తర్వాత ఇద్దరూ ఇలియాస్ గురించే మాట్లాడుకున్నారు. పాత సంగతులు వీడికి అద్దంలో చూసినట్టు గుర్తున్నాయి.

మైమూన్ అక్క ప్రతి సోమవారం కొడుకుకు వంకాయ కూర కట్టి పంపేది. బాగుందమ్మీ అని వాడు ఖాళీ డబ్బా తెచ్చేవాడు. తినేది మా ప్రతాప్. ఇలియాస్‌కు వంకాయ అంటే గిట్టదట. మూడేళ్లు తల్లికి ఆ మాట చెప్పలేదు, బాధపడుతుందని. ఈరోజు వీడు ఆ గుట్టు విప్పేశాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. దొంగనాకొడుకు, ఇంటికి రానీ వాని సంగతి సూస్తా అంది.

ఇంటికి రానీ అంది. నేను వంటింట్లోకి పోయి ఊరికే గిన్నెలు తోమాను.

5 జనవరి 2004, సోమవారం

కుప్పంలో చెకప్. పొద్దున బస్సుకు బయలుదేరాం. పుంగనూరు బస్టాండులో బస్సు ఆగేసరికి మైమూన్ అక్క కిటికీ దగ్గరికి వచ్చేసింది. ఏ బస్సుకు పోతామో శుక్రవారమే అడిగి తెలుసుకుంది. అరటిపండ్లు అందించింది. పండ్లు సాకు. వాడు కిటికీలోంచి అడిగాడు, ఆమె కింద నిలబడి తలెత్తి చెప్పింది. బస్సు కదిలింది. ఆమె తృప్తిగా పోయింది.

కీర్తి గారు చిన్న వయసు డాక్టరమ్మ, ఓర్పుగా చూస్తుంది. ఛాతీ ఎక్స్‌రే బాగుందంది. చేతులు ఎగిరిపడడానికి రాత్రి మాత్ర కొంచెం పెంచింది. కాలి వేళ్ల ముందు మడమ పెట్టిస్తూ గీత మీద నడిపించింది, పడబోయాడు. దారిలో ఎవరు కలిశారు ప్రతాప్ అని అడిగింది. ఎవరూ లేదు మేడం అన్నాడు. చేతిలో అరటిపండు తొక్క ఇంకా ఉంది.

ఇలియాస్ గురించి ఏం చెబుతున్నారని నన్ను అడిగింది. చెప్పాను. తిట్టలేదు గానీ ముఖం మాడ్చుకుంది. అడిగినప్పుడల్లా నిజమే చెప్పండి, చిన్న మాటల్లో, పక్కన కూర్చుని చెప్పండి అంది. ఏడుస్తాడమ్మా అన్నాను.

"ఇప్పుడు మీ అబద్ధం గుర్తుండదు కాబట్టి సరిపోతోంది. గుర్తుండడం మొదలైతే ఏం చేస్తారు?"

ముందు మొదలవనీ తల్లీ, అప్పుడు చూసుకుందాం అనుకున్నాను. పైకి మాత్రం తల ఊపాను. తల ఊపడానికి ఏం ఖర్చు.

రోజూ రాత్రి ఒక సంగతి చెప్పి, పొద్దున అడగాలట. ఏదో ఒకరోజు నిలుస్తుందట.

6 జనవరి

రాత్రి సొరకాయ పులుసు తిన్నావు, గుర్తుపెట్టుకో నాయనా అన్నాను. పొద్దున అడిగితే, తెలీదు మా, పప్పేమో అన్నాడు.

17 జనవరి

లేదు.

18 జనవరి

లేదు.

2 ఫిబ్రవరి, సోమవారం

ఈరోజు బక్రీద్. శుక్రవారం కాదు కాబట్టి ఆమె రాదనుకున్నాను. సాయంత్రం వచ్చింది. ఇంటి నిండా చుట్టాలను వదిలిపెట్టి, మాంసం డబ్బా పట్టుకుని వచ్చింది. పండగ పూట కొడుకు పేరు ఎవరూ ఎత్తలేదట. తను బాధపడుతుందని అందరూ నోరు కట్టుకుని కూర్చున్నారట. ఎత్తేవాడు ఒక్కడే ఉన్నాడు, ఈడ.

వాడు తిన్నాడా అమ్మీ అని అడిగాడు ప్రతాప్. తిన్నాడు బేటా, కడుపు నిండా తిన్నాడు అంది.

ఆమెను బస్సు ఎక్కించి వస్తుంటే నాకు ఒక పాడు ఆలోచన వచ్చింది. నా బిడ్డకు నయం కాకూడదని ఆమె కోరుకుంటుందేమో. వెంటనే చెంపలు వేసుకున్నాను. కానీ వచ్చింది.

20 ఫిబ్రవరి

లేదు. అడిగాడు.

4 మార్చి, గురువారం

నిలిచింది!

పొద్దున నేనింకా అడగకముందే, రాత్రి కూడా సొరకాయే కదమ్మా, ఈ పొద్దన్నా వేరే ఏదన్నా చెయ్యి అన్నాడు. చేతిలో చెంబు వదిలేశాను. మా ఆయనకు మండీకి ఫోను చేసి చెప్తే, సొరకాయ గురించి మండీకి ఫోనేంది అని విసుక్కున్నాడు, తర్వాత అర్థమై ఆయనే ఏడ్చాడు. వీధిలో అందరికీ చెప్పాను. గౌరమ్మకు రెండుసార్లు చెప్పాను. షాపు తెరవలేదు. దేవుడున్నాడు. సొరకాయకు వెయ్యి దండాలు.

5 మార్చి, శుక్రవారం

మైమూన్ అక్కకు చెప్పాను. అల్లా దయ అని రెండు చేతులూ కళ్లకు అద్దుకుంది. నిజంగా సంతోషపడింది. నేనే చెడ్డదాన్ని.

అడిగాడు. అంగట్లో ఉన్నాడని చెప్పింది.

12 మార్చి, శుక్రవారం

రోజూ ఏదో ఒకటి నిలుస్తోంది. గౌరమ్మ మనవరాలి పేరు నిలిచింది. క్యాలెండరు చూడకుండా వారం చెప్పాడు. మూడో బంతి లేచింది. గ్లాసు రెండు చేతులా పట్టుకుంటే సగం నీళ్లు నోట్లోకే పోతున్నాయి.

ఈరోజు ఆమె వచ్చి కూర్చోగానే అడిగాడు. ఆమె చెప్పింది. వీడు నొసలు ముడివేసుకుని, మొన్న వచ్చినప్పుడూ అదే అంటివి కదమ్మీ, ఇంకా ఆ పెండ్లి పరుపులేనా అన్నాడు.

ఆమె నన్ను చూసింది. నేను ఆమెను చూశాను.

14 మార్చి

డాక్టరమ్మ అడిగినదానికి ఇప్పుడు జవాబు చెప్పాలి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. మా ఆయన్ను అడిగితే, ఉగాది పోనీ, పండగ ముందర యాల అన్నాడు.

21 మార్చి

ఉగాది. పచ్చడి తిన్నాడు. చేదు తగిలిందన్నాడు. ఏమీ చెప్పలేదు.

24 మార్చి, బుధవారం

చేయరాని పని చేశాను. షాపులో కూర్చోబెడితే ఊసుపోతుందని తీసుకుపోయాను. నేను జిరాక్స్ తీస్తుంటే వీడు ఫోను దగ్గరికి జరిగి, పుంగనూరు అంగడి నంబరు తిప్పాడు. పాత నంబరు, వేలికి అలవాటే. నేను చూసేసరికి అవతల బాబు సాహెబ్ ఎత్తాడు.

ఇలియాస్‌ను పిలువు మామా అన్నాడు ప్రతాప్.

బయటికి పోయినాడప్పా అని ఫోను పెట్టేశాడట ఆయన. తర్వాత అంగడి మూసేసి పోయి పడుకున్నాడని మైమూన్ అక్క చెప్పింది. ఈ అబద్ధంలోకి ఆయన్ను కూడా లాగాను.

ప్రతాప్ సాయంత్రమంతా ఫోను పక్కనే కూర్చున్నాడు. తర్వాత, ఎప్పుడు అడిగినా వాడు ఉండడు మా, వాడు కావాలనే తప్పించుకుంటాండాడు అన్నాడు.

29 మార్చి

ఈరోజు అడగలేదు. నేనే భయపడి, ఇలియాస్ గురించి అడగవా అన్నాను. యాల అడగాల అన్నాడు.

2 ఏప్రిల్, శుక్రవారం

మైమూన్ అక్క వచ్చింది. వీడు నిద్ర నటించాడు. ఆమె పక్కనే చాలాసేపు కూర్చుని పోయింది.

చెప్పాలి. మా ఆయన కూడా చెప్పాలంటున్నాడు, నువ్వే చెప్పు అని. నేను చెప్తాను, వచ్చే చెకప్‌కు పోయినప్పుడు డాక్టరమ్మ ముందే చెప్తాను. సగమే చెప్తాను. పోయాడని చెప్తాను. ఎట్లా పోయాడో చెప్పను. ఇద్దరూ జారిపడ్డారని అంటాను. ఆ సగం అబద్ధం ఉంచుకుంటే ఎవరికీ నష్టం లేదు. వాడి మంచికే.

9 ఏప్రిల్, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి ప్రతాప్ చాప మీద కూర్చుని ఉన్నాడు. పలకరించలేదు. ఆమె ఎదురుగా కూర్చుంది. కొంచెంసేపు చూసింది. అడుగుతాడేమోనని చూస్తోందని నాకు తెలుసు. చివరికి ఆమే, ఏం బేటా, వాణ్ణి అడగవా అంది.

అప్పుడు వాడు నోరు తెరిచాడు. ఇన్ని వారాలుగా లోపల మరిగినదంతా కక్కాడు.

"ఇంక అడగను అమ్మీ. నేను సావు బతుకుల్లో ఉంటే ఒక్కతూరి వచ్చి సూసేదానికి వానికి తీరలేదు. పుంగనూరు ఏమన్నా సముద్రాల అవతల ఉండాదా? పరుపులంట, పరుపులు. అట్లాటోడు ఉండేదొకటే, సచ్చేదొకటే."

నేను అడ్డం పోయాను. నోరు మూసుకోరా అన్నాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది. నన్ను చూడనే లేదు. వద్దక్కా అని నేను సైగ చేస్తూనే ఉన్నాను.

"నన్నేమన్నా అను బేటా. వాణ్ణి అనొద్దు. వాడు రాకపోయేదేంది? నువ్వు నీళ్లల్లో మునిగిపోతాంటే అందరికన్నా ముందు వచ్చిందే వాడు. ఈత రాదని తెలిసీ దుంకినాడు. నిన్ను బయటికి తీసినారు. వాణ్ణీ తీసినారు. వాడు లేయలేదు."

ప్రతాప్‌కు ఒళ్లంతా ఎగరడం మొదలైంది, చేతులు, భుజాలు, తల. ఆమె వాడి రెండు చేతులూ తన ఒళ్లోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. అవి నిలిచేదాకా వదల్లేదు. ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. ఏడ్చింది నేను.

వాడు నా వైపు తిరిగి, నీకు తెలుసునా మా అన్నాడు. తెలుసు అన్నాను. నాయినకూ తెలుసా అన్నాడు. తెలుసు అన్నాను. ఇంకేమీ అడగలేదు.

బస్టాండు దాకా ఆమెతో నడిచాను. బస్సు ఎక్కేముందు, తప్పు చేసినానా వసంతమ్మా అంది. కోపం రావాలి నాకు. రాలేదు. నా బిడ్డను బతికించుకోవడానికి నేను ఆమె కొడుకును మోసగాణ్ణి చేశాను. వాడి పేరు నిలబెట్టుకోవడానికి ఆమె వాణ్ణి మళ్లీ పోగొట్టుకుంది. లేదక్కా అన్నాను.

10 ఏప్రిల్, శనివారం

ఇన్ని నెలలు గుర్తుండాలని మొక్కాను. రాత్రి మర్చిపోవాలని మొక్కాను. దేవుడికి కూడా విసుగు పుట్టి ఉంటుంది.

పొద్దున లేచాడు. నన్ను చూశాడు. ఈ పొద్దు శనివారం కదా అన్నాడు. అంతే.

నిలిచింది.

12 ఏప్రిల్, సోమవారం

చెకప్. గీత మీద చివరిదాకా నడిచాడు. పోయిన నెల నుంచి ఏమేం జరిగిందో వరసగా చెప్పాడు, ఇలియాస్ సంగతితో సహా. ఆగకుండా చెప్పాడు. కీర్తి గారి కళ్లు తడిశాయి. ఇంత బాగా కోలుకుంటాడని అనుకోలేదమ్మా అంది. మాత్ర తగ్గించింది. వచ్చే ఏడు చదువు మళ్లీ మొదలుపెట్టవచ్చునంది. ఏ మాటల కోసం ఆర్నెల్లుగా చెవులొగ్గి కాచుకున్నానో ఆ మాటలన్నీ ఒక్కరోజే విన్నాను. సంతోషం రావాలి కదా. వచ్చింది కూడా, అబద్ధమెందుకు. కానీ నిలవలేదు.

తిరిగి వస్తూ పుంగనూరులో దిగుతానన్నాడు. దిగాం. బాబు సాహెబ్ వాణ్ణి భుజం పట్టుకుని ఇలియాస్ సమాధి చూపించడానికి కబరస్తానుకు నడిపించుకుపోయాడు. మేము ఆడవాళ్లం ఇంట్లోనే ఉన్నాం. మైమూన్ అక్క టీ పెట్టింది. వాడు తిరిగివచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. నేను వాణ్ణి అట్లా అనుండకూడదమ్మీ అన్నాడు. తెలీక అన్నావు బేటా, టీ తాగు అంది.

తాగాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ లేకపోయింది. వాడి కబుర్లు ఎన్ని ఉండేవి వీళ్లిద్దరి మధ్య! ఇప్పుడు వీడు ఇలియాస్ అనబోయి ఆగిపోతాడు, ఆమె వినడానికి ముందుకు వంగి ఆగిపోతుంది. బస్సు టైమైందని నేనే లేచాను.

16 ఏప్రిల్, శుక్రవారం

చాప వేసి ఉంచాను. ప్రతాప్ కూడా స్నానం చేసి చొక్కా మార్చుకుని కూర్చున్నాడు. బస్సు వచ్చే వేళ దాటింది. ఇంకో బస్సు వేళ కూడా దాటింది. ఆమె రాలేదు.

సాయంత్రం షాపుకు ఫోను వచ్చింది. అంగడి నుంచి మాట్లాడుతోంది. వెనకాల దూది ఏకే మిషను చప్పుడు. ఒంట్లో బాగాలేదా అక్కా అన్నాను. బాగానే ఉండాది అంది. ప్రతాప్ మాత్ర వేసుకుంటున్నాడా, చెయ్యి ఎట్లుంది, అన్నం ఎవరు తినిపిస్తున్నారు, అన్నీ అడిగింది. తానే తింటున్నాడని చెప్పాను. మంచిది, మంచిది అంది. ఫోను పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

"వసంతమ్మా, ఈ వారంలో ఒక్క పొద్దన్నా మర్చిపోయి అడిగినాడా?"

లేదక్కా అన్నాను.

ఆమె సరేనమ్మా అని పెట్టేసింది.

అడిగినాడక్కా, ఒక్కరోజు నిద్రమత్తులో అడిగినాడు అని ఉంటే నా సొమ్మేం పోయేది? ఇన్ని నెలలు పూటకు నాలుగుసార్లు నోరు తడబడకుండా ఆడాను కదా. అవసరం లేనప్పుడల్లా వచ్చిన అబద్ధం, ఆ తల్లి నోరు తెరిచి అడిగినప్పుడు నాకు రాలేదు.